ఇంట్లో పండ్ల గమ్మీలు: మన ఎండల్లో జెలటిన్‌తో చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంటిపూట బడులు మొదలైన దగ్గర్నుంచి దసరా సెలవుల దాకా, పిల్లలున్న ప్రతి ఇంటి నుంచీ గమ్మీల (సాగే జెల్లీ మిఠాయిల) గురించి ఇవే సందేహాలు వస్తుంటాయి. నెట్‌లో దొరికే కొలతలు చాలావరకు చల్లటి దేశాల వంటిళ్లలో రాసినవి. అక్కడ బల్ల మీద పెట్టినా నిలబడే గమ్మీ, హనుమకొండలో మే నెల మధ్యాహ్నం ప్లేటులోనే కరిగిపోతుంది. అందుకే మన ఎండ, మన పండ్లు, మన ఇళ్లలో వారాల పట్టింపులు లెక్కలోకి తీసుకుని రాసిన జవాబులివి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## సామాను కొనేటప్పుడు

జెలటిన్ నీసా, కాదా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

నీసే. ఇందులో రెండో మాట లేదు. పశువుల, పందుల తోలులో, ఎముకల్లో ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్ నుంచి దీన్ని తీస్తారు. చేప తోలుతో చేసిందీ ఉంటుంది. మన దేశంలో అమ్మే పాకెట్ మీద మాంసాహారానికి వేసే గోధుమ రంగు గుర్తు ఉండాలి. ఏ జంతువుదో కూడా కొన్ని పాకెట్ల మీద రాస్తారు, కొన్నింటి మీద రాయరు. పట్టింపు ఉన్నవాళ్లు రాసి ఉన్నదే కొనండి. హలాల్ కావాలంటే ఆ ముద్ర చూసి తీసుకోండి. ఏ గుర్తూ లేకుండా కవర్లో కట్టి ఇచ్చే లూజు పొడి ఎంత చవకగా వచ్చినా వద్దు.

మా అత్తమ్మ శనివారం నీసు ముట్టదు. పిల్లలు ఆమెకూ ఒకటి పెడతామని మారాం చేస్తారు. ఏం చేయాలి?

అత్తమ్మకు చెప్పకుండా పెట్టడం మాత్రం వద్దు. ఆమె కోసం ఒక చిన్న గిన్నెడు చైనా గ్రాస్‌తో విడిగా చేయండి. అది సముద్రపు నాచు నుంచి వస్తుంది, పూర్తిగా శాకాహారం. 200 మి.లీ. ద్రవానికి రెండు టీ స్పూన్ల పొడి వేస్తే చేత్తో పట్టుకుని తినేంత గట్టిగా వస్తుంది. మొత్తం ద్రవంలో సగం నీళ్లు తీసుకుని, పొడి అందులో కలిపి రెండు మూడు నిమిషాలు బాగా మరిగించాలి. ఆ తర్వాత గోరువెచ్చటి పండ్ల రసం కలిపి పోసేయాలి. సాగదు, కొరికితే పుటుక్కున తెగుతుంది. రుచికి ఏ లోటూ ఉండదు. గిన్నెలు, గంటె విడిగా పెట్టుకుంటే ఆమె కూడా నిశ్చింతగా తింటుంది.

దుకాణంలో ‘వెజ్ జెలటిన్’ అని ఒక పొడి ఇచ్చారు. మామూలు జెలటిన్ కొలతే వేయాలా?

వేయకండి. ఆ పేరుతో అమ్మేది చైనా గ్రాస్ కావచ్చు, నాచు నుంచి తీసే మరో జిగురు కావచ్చు. రెండూ జెలటిన్ కంటే చాలా తక్కువ మోతాదులో పనిచేస్తాయి. జెలటిన్ వేసినట్టు మూడు టేబుల్ స్పూన్లు వేస్తే గిన్నెలోనే రబ్బరు ముద్ద అవుతుంది. పాకెట్ వెనక పదార్థాల జాబితా చదవండి. ‘అగర్’ అని ఉంటే అది చైనా గ్రాసే, దాన్ని మరిగించాల్సిందే. జెలటిన్‌ను మాత్రం మరిగించకూడదు. ఏమీ రాయకపోతే పావు కప్పు రసంతో చిన్న మోతాదులో చేసి చూసి, తర్వాత మిగతాది చేయండి.

వరంగల్‌లో జెలటిన్ ఎక్కడ దొరుకుతుంది?

కేకుల సామాను అమ్మే దుకాణాల్లో అడగండి. పెద్ద సూపర్ మార్కెట్లలో కస్టర్డ్ పౌడర్, బేకింగ్ పౌడర్ పెట్టే అరల్లో కనిపిస్తుంది. మామూలు కిరాణాలో అడిగితే చైనా గ్రాసో, జెల్లీ పాకెట్టో చేతికిస్తారు. అడిగేటప్పుడే ‘రుచి, రంగు లేని జెలటిన్ పొడి’ అని చెప్పండి. జనగామ, భూపాలపల్లి, ములుగు వైపు ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే తేలిక. పొడి కాబట్టి ఎండకు ఏమీ కాదు. తెరిచిన పాకెట్‌ను మాత్రం గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి.

పాకెట్ మీద ‘బ్లూమ్ 250’ అని ఉంది. అదేంటి?

జెలటిన్ ఎంత గట్టిగా పట్టగలదో చెప్పే అంకె. ఎంత పెద్దదైతే అంత బలం. వంటింటి జెలటిన్ సాధారణంగా 200 నుంచి 250 మధ్య ఉంటుంది. ఇక్కడ ఇచ్చే కొలతలన్నీ దానికే. 150 లాంటిది దొరికితే మూడో వంతు ఎక్కువ వేసుకోండి. వీలుంటే 250 ఉన్నదే కొనండి, మన వేడికి అదే నయం.

ఒక్క ఖాయమైన కొలత చెప్పండి. మిగతాది మేం చూసుకుంటాం.

పండ్ల రసం లేదా వడకట్టిన గుజ్జు 200 మి.లీ., చక్కెర 50 గ్రాములు, జెలటిన్ 30 గ్రాములు, దాన్ని నానబెట్టడానికి చల్లటి నీళ్లు లేదా చల్లారిన రసం 100 మి.లీ., చివర్లో నిమ్మరసం రెండు టీ స్పూన్లు. దీంతో ఒక మామూలు భోజనం ప్లేటు నిండా వస్తాయి. చలికాలంలో జెలటిన్ 25 గ్రాములు చాలు. ఏప్రిల్, మే నెలల్లో 35 దాకా వెళ్లొచ్చు, అంతకు మించితే జిగురు రుచి తగులుతుంది. చక్కెర పండు తీపిని బట్టి తగ్గించుకోండి. గిన్నెలో వేడిగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువ తీపి అనిపించాలి, చల్లారాక నాలుకకు అది తగ్గుతుంది.

ఇంట్లో తూకం లేదు. చెంచాలతో కొలవొచ్చా?

కొలవొచ్చు. తల కొట్టిన టేబుల్ స్పూన్ జెలటిన్ పొడి 9 నుంచి 10 గ్రాములు, టీ స్పూన్ సుమారు 3 గ్రాములు. 30 గ్రాములంటే మూడు టేబుల్ స్పూన్లు. చాయ్‌లో తిప్పే చెంచా కాదు, కొలత చెంచా ఉండాలి.

## పండు దగ్గర

పైనాపిల్ రసంతో చేశాను. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడలేదు. జెలటిన్ నకిలీదా?

జెలటిన్ మంచిదే, పండు దాన్ని తినేసింది. ఉడికించని పైనాపిల్‌లో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, దాని పనే ప్రొటీన్‌ను ముక్కలు చేయడం. జెలటిన్ ప్రొటీనే కాబట్టి ఎంత వేసినా విరిచేస్తుంది. పైనాపిల్ ఎక్కువ తింటే నాలుక మండేది కూడా దీనివల్లే. బొప్పాయిలో పపెయిన్, కివీలో, అంజీర పండులో వాటి వాటి ఎంజైమ్‌లు ఇదే పని చేస్తాయి. పచ్చి అల్లం రసం కూడా అంతే, రుచి కోసం రెండు చుక్కలు వేద్దామనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

దీనికి మందు మంట. రసాన్నో గుజ్జునో విడిగా ఐదు నిమిషాలు బాగా ఉడికించి, చల్లార్చి, అప్పుడు జెలటిన్ కలపండి. బొప్పాయి ఎంజైమ్ వేడికి తొందరగా లొంగదు, దాన్ని ఇంకో రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఉడికించండి. డబ్బాలో వచ్చే పైనాపిల్ ముక్కలు ముందే వేడి చేసినవి, వాటితో ఏ బాధా ఉండదు. చైనా గ్రాస్ ప్రొటీన్ కాదు కాబట్టి దాని మీద ఈ ఎంజైమ్‌లు పనిచేయవు.

మామిడి పండుతో చేయాలని ఉంది. ఏ రకం మంచిది? గుజ్జు ఉడికించాలా?

బంగినపల్లి, హిమాయత్, దసేరి మూడూ బాగుంటాయి. పీచు తక్కువ, గుజ్జు చిక్కన. జగిత్యాల వైపు తోటల నుంచి దసేరి బాగా దిగే రోజుల్లో దాంతో చేసి చూడండి, ఆ సువాసన గమ్మీలో కూడా నిలుస్తుంది. రసాలతో చేస్తే పీచు పోయేలా జల్లెడ పట్టాలి.

మామిడిలోనూ జెలటిన్‌ను బలహీనపరిచే గుణం కొంత ఉంది. పైనాపిల్ అంత జోరు కాదు గానీ, ఉడికించని గుజ్జుతో చేస్తే ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా వస్తాయి. గుజ్జును ఒక ఉడుకు రానిచ్చి మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ ఉంచితే ఆ టెన్షన్ ఉండదు. చిక్కటి గుజ్జు అడుగంటుతుంది, చిటపటమని చేతి మీదికి ఎగురుతుంది కూడా. పావు కప్పు నీళ్లు పోసి, పొడుగు గంటెతో సన్న మంట మీద కలపండి.

సీతాఫలం గుజ్జు ఉడికిస్తే చేదొచ్చింది. ఎందుకు?

దాని తీరే అంత. సీతాఫలం గుజ్జు బాగా వేడెక్కితే చేదెక్కుతుంది, చక్కెర ఎంత పోసినా ఆ చేదు పోదు. కాబట్టి దీన్ని అసలు పొయ్యి మీద పెట్టొద్దు. నానిన జెలటిన్‌ను నీళ్లలోనో పాలలోనో విడిగా కరిగించి, వేలు పెడితే హాయిగా అనిపించేంత గోరువెచ్చగా చల్లారనివ్వండి. అప్పుడు గింజలు తీసి జల్లెడ పట్టిన గుజ్జు కలపండి. గుజ్జు ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసింది కాకూడదు. చల్లటి గుజ్జు తగలగానే జెలటిన్ తీగలు తీగలుగా గడ్డకడుతుంది.

బతుకమ్మ నుంచి దీపావళి దాకా ములుగు, ఏటూరునాగారం అడవుల వైపు నుంచి గంపల్లో వచ్చే చిన్న కాయల్లో గుజ్జు తక్కువే కానీ, తీపి మాత్రం తోట కాయలకు రాదని నా అభిప్రాయం. ఉడికించని గుజ్జు కాబట్టి రెండు మూడు రోజుల్లో తినేయాలి.

బత్తాయి గమ్మీలు మర్నాటికి చేదుగా ఉంటున్నాయి.

బత్తాయి రసం పిండాక నిలవుంటే చేదెక్కుతుంది, వేడి చేస్తే ఇంకా త్వరగా ఎక్కుతుంది. గింజ నలిగినా, తెల్ల తోలు పిండినా చేదు మరింత. అప్పటికప్పుడు చేత్తో మెల్లగా పిండి, రసాన్ని వేడి చేయకుండానే, విడిగా కరిగించిన గోరువెచ్చటి జెలటిన్‌లో కలిపేయండి. అయినా మర్నాడు కాస్త వగరుగా ఉంటుంది. నన్నడిగితే గమ్మీలకు బత్తాయి కన్నా కమలా రసం నయం.

నేరేడు పండ్లతో వస్తాయా?

చాలా బాగా వస్తాయి, రంగు కోసమైనా ఒకసారి చేయాలి. పండ్లను కొన్ని నీళ్లతో మెత్తగా ఉడికించి, గింజలు తీసి వడకట్టండి. వగరుకు కారణమైన టానిన్‌లు జెలటిన్‌ను పట్టుకుని మసకబారుస్తాయి, ఒక్కోసారి చిన్న పలుకులుగా విరుస్తాయి. బాగా మాగిన పండ్లు తీసుకుని, రసానికి సగం నీళ్లు కలిపితే అలా కాదు. నేరేడు, దానిమ్మ మరకలు బట్టలకు అంత తొందరగా పోవు, పిల్లలకు పాత చొక్కా తొడగండి.

పుచ్చకాయ, జామ, ద్రాక్ష, రేగుపండ్లు?

పుచ్చకాయ రసం వేడి చేస్తే దాని తాజాదనం పోతుంది. సగం రసంలో జెలటిన్ కరిగించి మిగతా సగం పచ్చిగా కలపండి, నిమ్మరసం ఒక చెంచా ఎక్కువ వేయండి. జామకాయ ఉడికించి జల్లెడ పడితే మంచి చిక్కదనం వస్తుంది. నల్ల ద్రాక్ష తేలిక, మొదటిసారి చేసేవాళ్లు దాంతోనే మొదలుపెట్టొచ్చు. సంక్రాంతి రోజుల్లో దొరికే రేగుపండ్లు ఉడికించి గుజ్జు తీసి, కొంచెం బెల్లం, చిటికెడు ఉప్పు, కారం వేసి చేసి చూడండి. రేగు వడియాలు ఇష్టపడే ఇంట్లో ఇవి ఒక్క రోజు కూడా మిగలవు.

షాపులో దొరికే మ్యాంగో డ్రింక్, జ్యూస్ పాకెట్లు వాడొచ్చా?

వాడొచ్చు. అవి ముందే వేడి చేసి నింపినవి కాబట్టి ఎంజైమ్ గొడవ ఉండదు. అప్పటికే చక్కెర ఉంటుంది, మీరు వేసేది సగానికి తగ్గించండి. పలుచని డ్రింక్ అయితే సన్న మంట మీద కాస్త ఇగరనిచ్చాక కొలవండి, లేకపోతే రుచి తేలిపోతుంది.

మేడారం నుంచి తెచ్చిన బంగారం ఇంట్లో చాలా ఉంది. చక్కెర బదులు ఆ బెల్లం వేయొచ్చా?

రుచికి బాగుంటుంది, ముఖ్యంగా మామిడిలో, రేగులో. బెల్లాన్ని కొన్ని నీళ్లలో కరిగించి, మట్టి, నలకలు పోయేలా పల్చటి బట్టలో వడకట్టాలి. గమ్మీ గోధుమ రంగులోకి దిగుతుంది, అద్దంలా మెరవదు.

ఇక పట్టింపు సంగతి. అమ్మవార్లకు కోళ్లు, యాటలు మొక్కే జాతరే అయినా, ప్రసాదం బెల్లాన్ని ఏ జంతువుదో తెలియని జెలటిన్‌లో కలపడానికి కొన్ని ఇళ్లలో పెద్దవాళ్ల మనసు ఒప్పదు. ముందు వాళ్లనడగండి. ప్రసాదం బెల్లానికి చైనా గ్రాస్, కొన్న బెల్లానికి జెలటిన్ అనుకుంటే గొడవే ఉండదు.

రంగు కోసం ఏం వేయాలి?

బీట్‌రూట్ రసం ఒక చెంచా చాలు, ఎక్కువైతే మట్టి వాసన. శంఖుపూలు వేడి నీళ్లలో వేస్తే నీలం వస్తుంది, అందులో నిమ్మరసం పడగానే ఊదా రంగులోకి మారుతుంది. పిల్లల చేత ఆ నిమ్మరసం పోయించండి. కొన్న రంగు వేస్తే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్స్ నంబరు ఉన్న ఆహారపు రంగే, అదీ ఒకటి రెండు చుక్కలు.

## పొయ్యి దగ్గర

జెలటిన్ ఉండలు కడుతోంది. ఎంత కలిపినా కరగట్లేదు.

వేడి రసంలో నేరుగా పొడి వేస్తే ఇలాగే అవుతుంది. బయటి పొర వెంటనే జిగురై, లోపలి పొడికి నీళ్లు అందకుండా అడ్డుపడుతుంది. వెడల్పాటి గిన్నెలో చల్లటి నీళ్లు ముందు పోసి, జెలటిన్‌ను పైనుంచి పలచగా అంతటా చల్లండి. పొడి మీద నీళ్లు పోయకండి. కదపకుండా పది నిమిషాలు వదిలేస్తే పొడి నీళ్లు పీల్చుకుని, నానిన సగ్గుబియ్యంలా ఉబ్బి, గిన్నె వంచినా జారని ముద్ద అవుతుంది. మధ్యలో ఎక్కడైనా తెల్లటి పొడి మచ్చ కనిపిస్తే దాని మీద ఒక చెంచా నీళ్లు చిలకరించండి. ఇప్పుడిది వెచ్చటి రసంలో వేస్తే రెండు నిమిషాల్లో కరుగుతుంది. ఇప్పటికే ఉండలు కట్టిందంటే, సన్న సెగ మీద కాసేపు కలిపి వడకట్టండి. జల్లెడలో మిగిలినంత జెలటిన్ తగ్గినట్టే, ఒక చెంచా నానబెట్టి మళ్లీ కలపండి.

మరిగించాలా, అక్కర్లేదా?

పండ్ల గుజ్జును మరిగించొచ్చు, జెలటిన్ కలిపాక మాత్రం వద్దు. ఎక్కువసేపు మరిగితే దాని పట్టు తగ్గుతుంది. 60 డిగ్రీల సెల్సియస్ చాలు, అంటే వేలు పెడితే ఒకటి రెండు సెకన్ల కంటే ఉంచలేనంత వేడి. గిన్నె అంచున చిన్న బుడగలు మొదలవ్వకముందే దించేయండి. గంటె వెనక భాగం చూడండి, పలుకులు లేకుండా నున్నగా జారితే కరిగినట్టే.

పులుపు కోసం నిమ్మరసం ఎప్పుడు వేయాలి? నిమ్మ ఉప్పు వేయొచ్చా?

దించాక, చివర్లో. పులుపు, వేడి కలిస్తే జెలటిన్ బలహీనపడుతుంది. 200 మి.లీ. రసానికి రెండు టీ స్పూన్ల నిమ్మరసం దాటితే జెలటిన్ ఇంకో టీ స్పూన్ పెంచండి. నిమ్మ ఉప్పు పావు టీ స్పూన్ చాలు, ఒక చెంచా నీళ్లలో కరిగించి కలపండి.

ఒక రకమైన వాసన వస్తోంది. పిల్లలు వద్దంటున్నారు.

నాసిరకం జెలటిన్‌కు ఆ వాసన ఉంటుంది, పాతబడితే ఇంకా ఎక్కువ. వేరే కంపెనీది తీసుకోండి. ఉన్నదాన్ని వాడేయాలంటే నీళ్లలో కాక రసంలోనే నానబెట్టి, నల్ల ద్రాక్ష, మామిడి లాంటి ఘాటైన పండుకు వాడండి. ఏలకుల పొడి కొంత కప్పుతుంది. పుచ్చకాయ మాత్రం దాన్ని దాచలేదు.

పైన తెల్లటి నురుగు గట్టిపడి అందం పోతోంది.

విస్కర్‌తో గిలకొట్టకండి, చెంచాతో నెమ్మదిగా కలపండి. దించాక ఐదు నిమిషాలు ఆగి పైన తేలిన నురుగును చెంచాతో తీసేసి పోయండి.

## పోసి గట్టిపరిచేటప్పుడు

ఎలుగుబంటి అచ్చులు లేవు. ప్లేటులో పోయొచ్చా?

హాయిగా పోయొచ్చు, నాకైతే అదే ఇష్టం. అంచున్న స్టీలు ప్లేటుకు వాసన లేని నూనె వేలితో పలచగా రాసి, ఒక సెంటీమీటరు మందంగా పోయండి. గట్టిపడ్డాక అంచు చుట్టూ చాకు తిప్పి, ప్లేటు అడుగును ఐదారు సెకన్లు గోరువెచ్చటి నీళ్లలో ఆనించి బోర్లిస్తే మొత్తం పలక ఒక్కటిగా ఊడుతుంది. తడి చాకుతో ముక్కలు కోయండి. ఐస్ ట్రే కూడా పనికొస్తుంది. సిలికాన్ అచ్చులుంటే చిన్న గుంతల్లోకి పోయడానికి మందుల సీసాతో వచ్చే డ్రాపర్ కన్నా, సూది లేని కొత్త సిరంజి తేలిక.

ఎంతసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి? మధ్యలో కరెంటు పోతే?

చిన్న అచ్చులకు రెండు గంటలు, ప్లేటుకు నాలుగు. రాత్రంతా ఉంచితే ఇంకా గట్టిపడతాయి. కరెంటు పోయినా తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్ దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. ఈ మాట పిల్లలకు చెప్పడం కష్టం, తలుపుకు ఒక చీటీ అంటించండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆదిలాబాద్ వైపు ఫ్రిజ్ అవసరమే పడదు, మూతపెట్టి కిటికీ దగ్గర పెట్టినా తెల్లారేసరికి పట్టేస్తాయి.

తొందరగా అవుతుందని ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

పదిహేను, ఇరవై నిమిషాలైతే పరవాలేదు. అసలే గడ్డకట్టిందంటే లోపల మంచు పలుకులు జెలటిన్ అల్లికను చింపేస్తాయి. బయట పెట్టగానే నీళ్లు కారి స్పాంజిలా మిగులుతుంది.

గట్టిపడలేదు. పారబోయాలా?

అక్కర్లేదు. ముందు కారణం తేల్చుకోండి. వణుకుతూ, మెత్తగా ఉంటే జెలటిన్ తక్కువైంది. గోరువెచ్చగా కరిగించి, ఇంకో టేబుల్ స్పూన్ జెలటిన్ నానబెట్టి కలిపి మళ్లీ పోయండి. పూర్తిగా నీళ్లుగానే ఉండి, వేసిన పండు ఉడికించని పైనాపిల్, బొప్పాయి, కివీలలో ఒకటైతే ఎంజైమ్ పని. ఆ మొత్తాన్ని ఐదు నిమిషాలకు తక్కువ కాకుండా మరిగించి, చల్లార్చి, కొత్త జెలటిన్ పూర్తి కొలతతో మళ్లీ వేయాలి, పాతది ఎలాగూ విరిగిపోయింది. అంత జెలటిన్ ఎందుకు దండగ అనుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి చల్లటి షర్బత్‌గా తాగేయండి.

షాపు గమ్మీల్లా సాగట్లేదు. మావి జెల్లీ ముక్కల్లా ఉన్నాయి.

ఫ్యాక్టరీలో చక్కెర, గ్లూకోజ్ పాకాన్ని నీరు చాలావరకు పోయేదాకా కాచి, జెలటిన్ కలిపి, పిండి అచ్చుల్లో పోసి పొడి గదిలో గంటల తరబడి ఆరబెడతారు. మన గిన్నెలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం పండ్ల రసం, అంటే నీరు. తేడా అక్కడుంది. అంతదాకా రావు గానీ, దగ్గరికి రావచ్చు. ఉడికించడానికి తట్టుకునే రసాన్ని ముందే సగానికి ఇగరబెట్టండి. చక్కెరలో రెండు టేబుల్ స్పూన్లు తగ్గించి, అంతే లిక్విడ్ గ్లూకోజ్ వేయండి. గట్టిపడ్డ ముక్కలను జాలీ మీద పరిచి మూత లేకుండా ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు ఉంచి, మధ్యలో ఒకసారి తిరగేయండి. పైపొర ఆరి, కొరికితే సాగడం మొదలవుతుంది. వడియాల్లా డాబా మీద ఆరబెడదామని మాత్రం అనుకోకండి. ఇవి నీరు ఆరేలోపే కరుగుతాయి. ఫ్రిజ్‌లో ఉల్లిగడ్డ కోసి పెట్టి ఉంటే ముందు దాన్ని తీసేయండి, మూతలేని గమ్మీలు వాసన పీల్చుకుంటాయి.

## చేసిన తర్వాత

ఫ్రిజ్ బయట ఎంతసేపు ఉంటాయి?

జెలటిన్ 30 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. నోట్లో వేసుకోగానే కరిగి రుచి విడిచేది అందుకే, మన ఒళ్లు 37 డిగ్రీలు. మే నెలలో వరంగల్ పగటి వేడి 40 దాటుతుంది, ఫ్యాను కింద ఉన్న గదే 35 ఉంటుంది. ఆ రోజుల్లో ప్లేటులో పెట్టిన పది, పదిహేను నిమిషాల్లో అంచులు జారతాయి. చలికాలంలో పూటంతా నిలుస్తాయి. ఫిబ్రవరి చివరి నుంచి జూన్ దాకా జెలటిన్ గమ్మీని ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తినే వస్తువుగానే చూడండి. పుట్టినరోజు బల్ల మీద గంటసేపు ఉండాలంటే చైనా గ్రాస్‌తో చేయండి, అది 85 డిగ్రీల దాకా కరగదు.

హైదరాబాద్‌లో మనవళ్లకు బస్సులో తీసుకెళ్లాలి. ఎలా?

మూడు గంటల పైమాటే ప్రయాణం కాబట్టి వేసవిలో ఉత్త డబ్బాలో అయితే మళ్లీ రసమే చేరుతుంది. ఐస్ ప్యాక్ పెట్టిన చల్లటి బ్యాగులో, పొరకూ పొరకూ మధ్య బటర్ పేపర్ వేసి తీసుకెళ్లండి. గమ్మీలు ఐస్ ప్యాక్‌కు నేరుగా తగలకుండా మధ్యలో ఒక బట్ట పెట్టండి. అదేమీ లేకపోతే ప్లేటులో కాక, మూత గట్టిగా పట్టే చిన్న గాజు సీసాలో పోసి గట్టిపరచండి. దారిలో కరిగినా కారదు, అక్కడ ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ పడుతుంది. పిల్లలు చెంచాతో తింటారు.

ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. చక్కెర అద్దితే నీరు కారుతోంది.

తడిగా ఉన్న గమ్మీకి చక్కెర అద్దితే అది లోపలి నీటిని లాగి పాకమవుతుంది. ముక్కలను ముందు ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఆరనిచ్చి, తినబోయే ముందే అద్దండి. పుల్లటి పూత కావాలంటే నాలుగు టేబుల్ స్పూన్ల చక్కెరకు అర టీ స్పూన్ నిమ్మ ఉప్పు. ఇది ఇంకా త్వరగా నీరూరుతుంది. నిలవ ఉంచడానికైతే కార్న్‌ఫ్లోర్, చక్కెర పొడి సమంగా కలిపి పలచగా దొర్లించి, ఎక్కువైంది దులిపేయండి. మక్కలు పట్టించిన పచ్చ పిండి పనికిరాదు, తెల్లటి కార్న్‌ఫ్లోరే కావాలి. వానాకాలంలో ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా మూత వెంటనే తెరవకుండా, తినేవాటిని మాత్రం తీసి మూసేయండి. గాలిలోని తేమ చల్లటి ముక్కల మీద నీరై చేరుతుంది.

ఎన్ని రోజులు నిలవుంటాయి?

మూసిన డబ్బాలో, ఫ్రిజ్‌లో, ఉడికించిన రసంతో చేసినవి ఐదు నుంచి ఏడు రోజులు. పచ్చి రసం, పాలు కలిపినవి రెండు మూడు రోజులే. షాపువి నెలల తరబడి ఉంటాయి కదా అంటే, వాటిలో నీరు తక్కువ, చక్కెర ఎక్కువ. బూజు చుక్క ఒక ముక్క మీద కనిపించినా డబ్బా మొత్తం పారేయండి.

ఏ వయసు పిల్లలకు పెట్టొచ్చు? తేనె వేస్తే మంచిదా?

నాలుగేళ్ల లోపు పిల్లలకు గమ్మీ ముక్కలు పెట్టకపోవడమే మంచిది. మెత్తగా, జారుడుగా ఉండి గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. పెద్ద పిల్లలు కూడా కూర్చుని తినాలి, పరుగెత్తుతూ కాదు. ఏడాది నిండని పాపకు తేనె ఏ రూపంలోనూ వద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఉడికించినా ఆ భయం పోదు. పెద్దవాళ్లకు తేనెతో చేయొచ్చు, ముక్కలు కాస్త మెత్తగా వస్తాయి.

జెలటిన్ తింటే జుట్టు, గోళ్లు, మోకాళ్లకు మంచిదంటారు. నిజమా?

జెలటిన్ ప్రొటీనే, కానీ అసంపూర్ణమైనది. ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం అందులో లేదు. గుడ్డుకో పప్పుకో ఇది బదులు కాదు. మీరు చేస్తున్నది మిఠాయి, అలాగే తినండి. షుగర్ ఉన్నవాళ్లు చక్కెర వేయకుండా చేసుకున్నా పండులోని చక్కెర పండులోనే ఉంటుంది, గుర్తుంచుకోండి.

బాగా కుదిరాయి. అపార్ట్‌మెంట్‌లో, స్కూల్ ఫన్ ఫెయిర్‌లో అమ్మొచ్చా?

ఇంటి నుంచి ఆహారం అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. డబ్బా మీద పదార్థాలు, చేసిన తేదీ, ఎన్నాళ్లలో తినాలో రాసి, జెలటిన్ వాడితే మాంసాహారం గుర్తు తప్పకుండా వేయండి. ఫన్ ఫెయిర్‌లో పిల్లలు అట్ట మీది గుర్తులు చూడరు, ఎవరింట్లో ఏ పట్టింపు ఉందో మనకు తెలియదు. అందుకని అక్కడికి చైనా గ్రాస్ గమ్మీలే తీసుకెళ్లండి. మధ్యాహ్నం ఎండకు టెంటు కింద నిలబడేవి కూడా అవే.